అందం కోసం పెట్టిన గుంట

పక్కవాళ్ళ సరుకును అంగట్లోంచి తీయించెయ్యడం ఇంత తేలికని అచ్చుల మేస్త్రికి అంతకుముందు తెలియదు. మామూలు బజార్లో అయితే ఎంత తతంగం! వెళ్ళి నిలదీయాలి, గొంతు పెంచాలి, చుట్టూ జనం పోగవుతారు, వాళ్ళలో ఒకడైనా అవతలివాళ్ళ పక్షం మాట్లాడకుండా ఉండడు. ఆన్‌లైన్ అంగట్లో ఆ గొడవేమీ లేదు. 'ఫిర్యాదు' అన్నచోట నొక్కాడు. తన డిజైన్ రిజిస్ట్రేషన్ నంబరు కొట్టాడు. 'పైన చెప్పినదంతా నిజం' అన్న వాక్యం పక్కన గడిలో టిక్కు పెట్టాడు. నాలుగో రోజు పొద్దున టీ తాగుతుంటే ఫోన్లోకి ఉత్తరం వచ్చింది. మీరు చెప్పిన వస్తువును మా సైటులోంచి తొలగించాం అని.

భార్యకి చదివి వినిపించాడు.

"ఎవరిదట?" అంది ఆవిడ గిన్నెలు సర్దుతూ.

"ఎవరో. షాపు పేరేదో ఉంది. మనదాన్ని మక్కీకి మక్కీ దింపేశారు. ఆ గీతతో సహా."

'మనదాన్ని' అన్న మాట దగ్గర ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "అక్కయ్యకి చెప్పారా?"

"దేని గురించి?"

"దేని గురించైనా. అసలు ఇన్నాళ్ళలో ఒక్క ముక్కయినా చెప్పారా అని అడుగుతున్నా."

మేస్త్రి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి నోరు కాల్చుకున్నాడు. కనీసం జవాబు చెప్పకపోవడానికి ఒక కారణం దొరికింది.

ఆ వస్తువు మూతలు తీసే పిడి. వేళ్ళలో సత్తువ లేనివాళ్ళు కూడా సీసాల మూతలు, డబ్బాల మూతలు సొంతంగా తీసుకోవచ్చు. ఒక చివర రబ్బరు పట్టీ, అది మూత చుట్టూ బిగుసుకుంటుంది. రెండో చివర పిడి, అసలు సంగతంతా దాన్లోనే ఉంది. మామూలు పిడిలా గుండ్రంగా ఉండదు. మధ్యలో ఓ పక్కకి ఒరిగిన గుంట ఉంటుంది. అరచేతి మొదలు అందులో కూర్చుంటే ఇక వేళ్ళు మడవక్కర్లేదు, ఒళ్ళు కాస్త ముందుకు వాలిస్తే మూత తిరుగుతుంది. గుంటకి కొంచెం పైన సన్నటి వంపు గీత ఒకటి. కొన్నవాళ్ళు సైట్లో రాసే మెచ్చుకోళ్ళలో సగం ఆ గీత గురించే. 'ఉంగరం ఉన్న వేలు నొక్కుకోకుండా గీత కూడా పెట్టారు, ఎంత ముందుచూపు!' అని ఒకావిడ మురిసిపోయింది. మేస్త్రి దాని కింద 'ధన్యవాదాలు' అని రాశాడు.

అంతకు మించి ఏం రాస్తాడు! ఆ గీత అతను ఆలోచించి పెట్టింది కాదు. ఆ గుంట అతను తవ్వింది కాదు. రెండూ వదిన చేతివి.

వదినంటే అతని అన్న భార్య, మేస్త్రి భార్య 'అక్కయ్య' అన్నది ఆవిడనే. ముప్ఫై ఏళ్ళు కుట్టుపని చేసింది. కత్తెర, సూది పట్టీ పట్టీ వేళ్ళ కణుపులు వాచిపోయాయి, కుడి బొటనవేలు మడత పడ్డం మానేసింది. వేలికున్న ఉంగరం కణుపు దాటి రాదు. కోయించుకోమంటే "ఉండనీ, అదేమన్నా అన్నం అడుగుతోందా" అనేది. ఏ పని ఆగినా ఊరుకునేది గానీ, సీసా మూత తీసిపెట్టమని ఎదురింటి వాళ్ళ తలుపు కొట్టాల్సి రావడం ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. పాత ట్యూబు ముక్కని చెక్క గరిటెకి కట్టి తిప్పి చూసింది. పట్టీ పనిచేసింది గానీ గరిటె చేతిలో నిలవలేదు. అలా ఉండగా ఒకరోజు బట్టల సబ్బు చూసుకుంది. నానిన సబ్బును రోజూ తన చేతికి ఎలా వీలైతే అలా పట్టుకోగా పట్టుకోగా, అది ఆ చేతి ఆకారానికే అరిగింది. ఉంగరం ఒరుసుకున్న చోట గీత పడింది.

"ఇదిగో చూడు చిన్నబ్బాయ్," అంది మేస్త్రి వెళ్ళినప్పుడు, ఎండిన సబ్బు అతని చేతిలో పెట్టి. "ఈ సబ్బు మన డాక్టరుకంటే నయం. నా చెయ్యి ఎలా ఉంటే అలా సర్దుకుంది. ఆ ట్యూబు ముక్కకి ఇలాంటి పిడి ఒకటి పెట్టించు, ఇక నేనెవర్నీ దేబిరించను."

అచ్చులు తీసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది, ఉన్నది ఉన్నట్టు దింపడం. ఇంకొకడైతే కొలతలు తీసుకుని, గీసుకుని, నున్నగా చేసుకునేవాడు. మేస్త్రి తిన్నగా సబ్బు మీదే ప్లాస్టరు పోసి అచ్చు తీశాడు, ఉంగరం గీతతో సహా. పిడి తెచ్చిచ్చిన రోజు వదిన ఇంట్లో ఉన్న సీసాలన్నీ వరసగా పెట్టి తీసి మూసి, తీసి మూసి, చిన్నపిల్లలా ఆడుకుంది. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. అంతవరకూ అతనంత మంచివాడు లేడు.

ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది. తన షెడ్డులో ఇరవై ఏళ్ళుగా వాళ్ళవీ వీళ్ళవీ అచ్చులు చేశాడు. బకెట్ల పిడులు, దువ్వెనలు, తలుపుల గడియలు. ఏ ఒక్కదాని మీదా అతని పేరు లేదు. ఈ పిడి మాత్రం తనదే అనిపించింది. పది చేసి ఆన్‌లైన్లో పెట్టాడు, పదీ పోయాయి. వంద చేశాడు. అమ్ముడుపోతాయో లేదో చూసి వదినకి చెబుదామనుకున్నాడు. అమ్ముడుపోయాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తేలక ఊరుకున్నాడు. డిజైన్ రిజిస్ట్రేషన్ కాగితంలో 'రూపొందించినవారు' అని ఒక గడి ఉంది. పెన్ను దాని మీద చాలాసేపు ఆగింది. చివరికి తన పేరే రాశాడు. వదినకి సంతకం పెట్టాలంటే చెయ్యి నొప్పి కదా అని సర్దిచెప్పుకున్నాడు. మనసుకి సర్దిచెప్పడంలో మేస్త్రిని మించినవాడు లేడు.

అలాంటి మనిషికి, సరుకు తీయించేసిన వారం తిరక్కుండానే రెండో ఉత్తరం వచ్చింది. అవతలివాళ్ళు ఎదురు తిరిగారు. ఇలాంటి తగాదాలు తేల్చడానికి సైటువాళ్ళు పెట్టుకున్న మధ్యవర్తి ఒకాయన ఉన్నాడు, రెండు పక్షాలూ ఆయన ముందు వీడియోలో కనబడి మాట్లాడాలి. మేస్త్రి ఉత్తరం పట్టుకుని లాయరు దగ్గరికి పరుగెత్తాడు.

లాయరు అవతలివాళ్ళ జవాబు పైకి చదివాడు. "ఎవరో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. చేతులు పట్టు తప్పినవాళ్ళకి క్లినిక్‌లో వ్యాయామాలు చేయిస్తుందట. ఏమంటోందో వినండి. 'ఈ ఆకారం నా దగ్గరికి వచ్చే ఒక కుట్టుపని ఆవిడ తన చేతి కోసం తనే కనిపెట్టుకుంది. తన సబ్బు ముక్క నాకిచ్చి, నలుగురికీ చేసిపెట్టమంది. ఇందులో ప్రతి వంపూ పనికోసమే ఉంది. కాబట్టి దీని మీద ఎవరికీ డిజైన్ హక్కు చెల్లదు.' సబ్బేంటండీ, సబ్బు! కథలు!" అని నవ్వి, "ఆ ఆవిడ ఎవరో మీకు తెలుసా?" అన్నాడు.

మేస్త్రికి తెలియకేం! "తెలీదండీ," అన్నాడు.

"అయితే మనకేం భయం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ రిజిస్ట్రేషన్ రూపానికి. పనికి కాదు. వస్తువు చూడ్డానికి ఎలా ఉంటుందో దాని మీదే మీకు హక్కు. పట్టు దొరకడానికి ఈ గుంట పెట్టానండీ అని మీ నోట వచ్చిందా, అంతటితో సరి. పనికొచ్చే ఆకారానికి హక్కు కావాలంటే అది వేరే కాగితం, అమ్మకం మొదలుపెట్టకముందే తీసుకోవాల్సింది. ఇప్పుడు దొరకదు. కాబట్టి ఆయన గుంట దేనికయ్యా అంటే ఏమంటారు?"

"ఏమనాలి?"

"అందానికి."

"గీత?"

"అదీ అందానికే. మీకు అలా తోచింది, పెట్టారు. అంతే."

మేస్త్రి తలూపాడు. బయటికొచ్చాక కాళ్ళు వాటంతట అవే వదినగారింటి వైపు నడిచాయి. చెప్పేద్దామనే వెళ్ళాడు, అందులో అబద్ధం లేదు.

వదిన మిషను ముందు కూర్చుని దిండు గలీబు కుడుతోంది. ఇప్పుడు గుడ్డని అరచేతులతో తోసుకుంటూ తిన్నటి కుట్లు మాత్రమే వేస్తుంది. అతన్ని చూడగానే ముఖం చాటంతయింది.

"సమయానికి వచ్చావు. నీతోనే పనుంది. కూర్చో. నా చేతులకి వ్యాయామం చేయించే అమ్మాయి ఉందని చెప్పానే, ఆ పిల్లకి పెద్ద కష్టం వచ్చిపడింది."

మేస్త్రి స్టూలు అంచున కూర్చున్నాడు.

"నా సబ్బు సంగతి చెబితే ఆ పిల్ల ముచ్చటపడి, క్లినిక్‌లోనే ప్లాస్టిక్ వస్తువులు అచ్చేసే చిన్న మిషను పెట్టి పిడులు చేస్తోంది. ఒక్కొక్కళ్ళ చెయ్యి చూసి, వాళ్ళకి తగ్గట్టు గుంట జరుపుతుంది. వేరే ఊళ్ళవాళ్ళు కొనుక్కుంటారని కంప్యూటర్లో పెట్టింది. ఎవరో కంపెనీవాళ్ళట, ఆ ఆకారం మేం కనిపెట్టాం అని తీయించేశారట! విన్నావా? నా చెయ్యి వాళ్ళు కనిపెట్టారట!" వదిన విరగబడి నవ్వింది. నవ్వు ఆగాక ముఖం ఎర్రబడింది. "వాళ్ళ చేతులు పడిపోను. ఊరికే ఇచ్చిన దానికి కూడా ముళ్ళకంచె వేస్తారా!"

"నువ్వు… నేను చేసిచ్చిన పిడి వాడుతున్నావుగా వదినా?"

అడగాల్సింది అది కాదని అడుగుతున్నప్పుడే తెలుసు. వదిన ఇబ్బందిగా చూసి, సొరుగులోంచి తెల్లటి పిడి ఒకటి తీసింది. గుంట ఇంకా లోతుగా ఉంది, బాగా పక్కకి జరిగి ఉంది.

"ఏమీ అనుకోకు చిన్నబ్బాయ్. నీది దాచుకున్నాను, నువ్వొచ్చినప్పుడల్లా దాంతోనే తీసేదాన్ని కూడా. కానీ నా చెయ్యి మారిపోయింది. నీ అచ్చు అప్పటి చేతిది. ఇది ఈ ఆర్నెల్ల కిందట ఆ పిల్ల చేసింది. మళ్ళీ వచ్చే నెల గుంట కాస్త జరపాలంది. ఇప్పుడు చెయ్యనిస్తారో లేదో."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అంతకంటే తెరిచిన తలుపు ఇంకెక్కడ దొరుకుతుంది! నోరు తెరిచాడు కూడా.

"నువ్వు అచ్చులవాడివి కదా," అంది వదిన అతని కంటే ముందే. "ఆ కంపెనీవాళ్ళెవరో కనుక్కుని ఒక మాట చెప్పకూడదూ? పనివాడి మాట పనివాళ్ళు వింటారు. నేనైతే సాక్ష్యం చెబుతానన్నాను. ఆ కంప్యూటర్లో నా ముఖం కనిపిస్తుందట. ఈ వయసులో నాకిదో వేషం!"

"చూస్తాను వదినా," అన్నాడు మేస్త్రి. లేచి వచ్చేశాడు.

మధ్యవర్తి ముందుకి వెళ్ళడానికి ఇంకా పది రోజులున్నాయి. ఆ పది రోజులూ మేస్త్రి రోజూ చెప్పడానికి బయల్దేరాడు. ఒకరోజు వీధి మలుపుదాకా వెళ్ళి, వాన వచ్చేలా ఉందని తిరిగొచ్చాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒకరోజు గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల అన్నయ్య గొంతు వినబడింది, ఇద్దరి ముందు ఎలా అని వెనక్కి తిరిగాడు. మర్నాడు అన్నయ్య లేని వేళ చూసి వెళ్ళి, వదిన ఒక్కతే ఉంది, ఏడిస్తే ఎవరు ఊరుకోబెడతారని తిరిగొచ్చాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కూడా ఒక్క నొక్కే. వేలు దాని మీద పెట్టి తీసేసేవాడు. అది నొక్కితే తను మళ్ళీ బకెట్ల పిడులవాడు. ఏదో వంకన ఆవిడ రాకపోతే బాగుండునని లోపల్లోపల కోరుకునేవాడు, కోరుకున్నందుకు తనని తనే తిట్టుకునేవాడు. "చెప్పారా?" అని భార్య రోజూ అడిగేది. తొమ్మిదో రోజున అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

పదకొండో రోజు పొద్దున పదకొండు గంటలకి లాయరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద మూడు గళ్ళు. ఒకదాంట్లో కళ్ళజోడు పెట్టుకున్న మధ్యవర్తి. ఒకదాంట్లో తనూ లాయరూ. మూడోదాంట్లో ఫిజియో అమ్మాయి, వెనక గోడకి ఆనించిన వ్యాయామాల బంతులు. ఆ గదిలో ఇంకెవరూ కనబడలేదు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. రాలేదు, పిచ్చి తల్లి రాలేదు అనుకున్నాడు.

మధ్యవర్తి మర్యాదస్తుడు. పిడి చూపించమన్నాడు. మేస్త్రి చూపించాడు.

"ఇది ఎవరు రూపొందించారండీ?"

"నేనేనండీ."

"ఎవరి సాయమైనా తీసుకున్నారా?"

"లేదండీ."

"ఈ మధ్యలో గుంట దేనికి?"

బల్ల కింద లాయరు బూటు మేస్త్రి కాలికి తగిలింది. "అందానికండీ."

"చెయ్యి పెట్టుకోవడానికి కాదూ?"

"కాదండీ. అందానికే."

"ఆ గీత?"

"అదీ అంతేనండీ."

మధ్యవర్తి రాసుకున్నాడు. "అమ్మా, మీ సాక్షి వచ్చారా?"

"ఇక్కడే ఉన్నారండీ. మొదట్నుంచీ వింటున్నారు," అని ఆ అమ్మాయి తన కంప్యూటరును కాస్త పక్కకి తిప్పింది.

వదిన. తల నున్నగా దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మంచి బట్టలు కట్టుకుని, ఒళ్ళో ఆ తెల్లటి పిడి పెట్టుకుని కూర్చుంది. మొదట్నుంచీ అక్కడే ఉంది. ప్రతి మాటా వింది.

ఆవిడ ముఖంలో కోపం వస్తే బాగుండునని మేస్త్రి కళ్ళు చించుకుని చూశాడు. రాలేదు. ఆవిడ తెరకి కాస్త దగ్గరగా వంగి, అది నిజంగా అతనేనా అని చూసుకుంది. చూసుకుని, మళ్ళీ వెనక్కి జరిగింది.

"అమ్మా, ఈ ఆకారం మీరు చేసిందేనా?" అన్నాడు మధ్యవర్తి.

వదిన ఒళ్ళోని పిడిని అటూ ఇటూ తిప్పింది. ఆయన మళ్ళీ అడిగాడు.

"నేను కుట్టుపని మనిషినండీ," అంది చివరికి. "నాకివన్నీ ఏం తెలుస్తాయి. ఆయన చెప్పిందే నిజం."

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ 'చిన్నబ్బాయ్' అని పిలిచిన మనిషి అతన్ని 'ఆయన' అంది.

"అమ్మా!" అంది ఫిజియో అమ్మాయి. "అదేంటమ్మా? సబ్బు మీరే ఇచ్చారు కదా?"

"ఏదో పొరపాటు పడ్డానమ్మా. పెద్దదాన్నయ్యాను."

"పోనీ, గుంట దేనికో చెప్పగలరా?" అన్నాడు మధ్యవర్తి మెత్తగా.

వదిన తెరలోకి చూసింది. తిన్నగా మేస్త్రినే చూసింది.

"అందానికేనండీ," అంది.

లాయరు బల్ల కింద బొటనవేలు పైకెత్తి చూపించాడు. అది మడత పడే వేలు, మేస్త్రి దాన్ని చూడలేక కళ్ళు దించుకున్నాడు. కాదని అరవాల్సింది. అరవలేదు. నమస్కారాలు పెట్టుకున్నారు, గళ్ళు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి.

సాయంత్రం ఫోన్ చేస్తే అన్నయ్య తీశాడు. "మీ వదిన పడుకుందిరా. క్లినిక్‌కి ఇంక వెళ్ళదట. ఆ తెల్లపిడి కూడా నా చేతికిచ్చి తిరిగిచ్చేసి రమ్మంది, ఇప్పుడే ఇచ్చొచ్చాను. ఆ పిల్ల ముఖం చూడలేనంటుంది. అసలేం జరిగింది? నాకేం చెప్పదే!"

"నేను మాట్లాడతాను అన్నయ్యా," అని ఫోన్ పెట్టేశాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఆ చేతులకి ఇంక వ్యాయామం లేదు, సరిపడే పిడీ లేదు. గెలిచింది తనూ, పోయింది ఆవిడ చేతులూ. ఈ లెక్క ఎటు తిప్పి చూసినా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే లాయరుకి చెప్పకుండా మధ్యవర్తికి ఉత్తరం రాశాడు. అంతా రాశాడు. ఆకారం తనది కాదని, సబ్బు సంగతి నిజమేనని, గుంటా గీతా రెండూ పనికోసమేనని, అబద్ధమని తెలిసే చెప్పానని. వదిన మంచితనం ఆయనకి తెలియాలని ఇంకో ముక్క కూడా ఒత్తి రాశాడు: 'సాక్షి మా వదిన. ఆవిడకి నిజం తెలుసు. నన్ను కాపాడటానికే అలా చెప్పింది.' పంపించి, భార్యకి చూపించాడు. ఆవిడ చదివి, అన్నం వడ్డించింది. మేస్త్రి రెండు రోజులు గాల్లో తేలినట్టు తిరిగాడు. తప్పు ఒప్పుకోవడం ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే ముందే ఒప్పుకునేవాడు పాపం.

మూడో రోజు తీర్పు వచ్చింది. ఫోన్లో పైపైన చూశాడు. ఫిర్యాదు కొట్టేశారు, ఆ అమ్మాయి సరుకు మళ్ళీ అంగట్లో పెడుతున్నారు. అది చాలు. దాన్ని కాగితం మీద తీయించుకుని, మండుటెండలో వదినగారింటికి నడిచాడు.

వదిన మిషను ముందు కాదు, కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది వదినా," అన్నాడు గుమ్మంలోంచే.

"అయిపోవడమేంటి, చేశావు," అంది వదిన. "రా, లోపలికి రా."

కాగితం చూపించి, అంతా ఒప్పుకుని ఉత్తరం రాశానని, ఇక క్లినిక్‌కి వెళ్ళొచ్చని, ఆ అమ్మాయి వస్తువు తనకి తిరిగి వచ్చిందని గబగబా చెప్పాడు. రిజిస్ట్రేషన్ కూడా వదిలేసుకుంటున్నానన్నాడు. వదిన ముఖం కొంచెం విచ్చుకుంది.

"చదువు," అంది.

చదివాడు. ఒకటో పేరా, రెండో పేరా. మూడో పేరాలో ఆగిపోయాడు.

"ఆగావేం? ఇంకా ఉందిగా."

"ఏవో లాయరు మాటలు వదినా."

"చదువు చిన్నబ్బాయ్."

చదవక తప్పలేదు. 'సాక్షి ఫిర్యాదుదారుకి దగ్గరి బంధువు. బంధువు కోసం ఆమె తెలిసి అబద్ధం చెప్పిందని ఫిర్యాదుదారే తన ఉత్తరంలో రాసి ఇచ్చారు. కాబట్టి ఆమె మాట నమ్మదగినది కాదని నమోదు చేస్తున్నాం.'

ఎదురింట్లో ఎవరో కుళాయి కట్టేశారు.

"ఈ కాగితం ఆ పిల్లకి కూడా వెళుతుందా?" అంది వదిన.

"వెళ్ళుంటుంది."

"పొరపాటు పడ్డానని చెప్పాను తనకి. నమ్మింది కూడా. మొన్న మీ అన్నయ్య పిడి ఇచ్చేటప్పుడు అందట, 'పెద్దావిడ, కంగారు పడ్డట్టున్నారు, నేనేమీ అనుకోలేదని చెప్పండి' అని. నాలుగు రోజులాగి, ధైర్యం చేసుకుని వెళదామనుకున్నాను." వదిన తన చేతులవైపు చూసుకుంది. "ఇప్పుడు తెలిసిపోయింది. కంగారు కాదు, కావాలనే ముంచానని."

"నీ మంచితనం తెలియాలనే రాశాను వదినా…"

"తెలుసు. నీది నువ్వు కడుక్కున్నావు. మంచిదే, కడుక్కోవాల్సిందే. నాదెవరు కడుగుతారు చిన్నబ్బాయ్?"

ఆ అమ్మాయి దగ్గరికి మేస్త్రి వెళ్ళి చెప్పగలడు. వెళతాడు కూడా. కానీ ఏమని చెబుతాడు? వదిన అబద్ధం ఆడలేదనా? ఆడింది. తన కోసం ఆడింది. ఎవరికీ తెలియకుండా అది ఆవిడ దగ్గరే ఉండిపోయేది, దాన్ని రాసి, సంతకం పెట్టి, పదిమందికీ పంపింది తనే.

"ఎండలో వచ్చావు," అంది వదిన లేస్తూ. లోపలికి వెళ్ళి నీళ్ళ సీసాని రెండు ముంజేతుల మధ్యా ఇరికించుకుని తెచ్చి, అతని ముందు బల్ల మీద పెట్టింది.

"మూత నువ్వే తీసుకో," అంది. "నావల్ల కాదు."

మేస్త్రి సీసా అందుకున్నాడు. మూత ఒక్క తిప్పుకే వచ్చేసింది. కాస్తయినా బిగుసుకుని ఉంటే బాగుండుననుకున్నాడు.